నూకరాజు గారి ఆహ్వాన వాక్యం

మా పురపాలక సంఘం కమిషనర్ గారు మూడు రోజుల శిక్షణకని ఏదో చల్లని కొండ మీదికి వెళ్ళి, ఒక జలుబుతోనూ ఒక ఆలోచనతోనూ తిరిగొచ్చారు. జలుబు వారంలో తగ్గిపోయింది.

ఆలోచన మాత్రం ముదిరి, జనవరి ఆరో తేదీన ఉత్తర్వుగా వెలువడింది. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలుసు. దాన్ని మూడు వందల యాభై ప్రతులు తీసింది నేనే. నా జిరాక్సు కొట్టుకి ఒక పక్క పురపాలక సంఘం గోడ. వాళ్ళ జిరాక్సు మిషను నాలుగేళ్ళుగా మరమ్మతులో ఉంది కనక ఊరిని పాలించే కాగితాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. చదవకూడదు గానీ చదువుతాను.

"పట్టణ పరిధిలోని సమస్త చిరువ్యాపారులు సామాజిక మాధ్యమములలో తమ ఉనికిని చాటుకొనుట తప్పనిసరి అని ఇందుమూలముగా తెలియజేయడమైనది. సదరు ఉనికి లేని వ్యాపారము లేనట్లుగానే పరిగణించబడును" అని మొదలైంది ఉత్తర్వు. ప్రతి కొట్టుకీ ఒక పేజీ ఉండాలి. దానికి వెయ్యిమంది అనుచరులుండాలి. వారానికి మూడు వీడియోలు పెట్టాలి. వాటిలో యజమాని నవ్వుతూ కనిపించాలి, వెనక సంగీతం వినిపించాలి. ప్రతి వీడియో చివరా అనుబంధం-3లో ఇచ్చిన ఆహ్వాన వాక్యాన్ని యజమాని స్వయంగా కెమెరా కళ్ళలోకి చూస్తూ పలకాలి. ఆ వాక్యం ఇదీ: "మళ్ళీ మళ్ళీ రండి, మీ వాళ్ళందరినీ తీసుకురండి." ఇవన్నీ మార్చి ముప్పై ఒకటిలోగా చెయ్యనివారికి ట్రేడ్ లైసెన్సు కొత్తది ఇవ్వరు. ఏప్రిల్ ఒకటిన కొట్టుకి సీలు వేస్తారు.

పథకం నడపడానికి 'ఉనికి అభివృద్ధి విభాగం' అని కొత్తగా పెట్టి, కమలాకర్ గారిని సమన్వయాధికారిగా వేశారు. ఆయన అంతకుముందు దోమల నిర్మూలన చూసేవారు. ఆరేళ్ళలో ఒక్క దోమ కూడా తగ్గకపోవడం గమనించి, పెంచే పని అప్పగిస్తే రాణిస్తారని కమిషనర్ గారు భావించారు.

నెల తిరక్కుండా ఊరు మారిపోయింది. పంక్చరు కొట్టు జిలానీ ట్యూబులో గాలి కొడుతూ నడుం ఊపడం నేర్చుకున్నాడు. ఇస్త్రీ కొట్టు వాళ్ళాయన పెట్టె చల్లారిపోతున్నా లెక్కచెయ్యకుండా, పొగలో జుట్టు ఎగరేస్తూ వీడియో తీయించుకున్నాడు. మా పళ్ళ డాక్టరు గారు "మీ వాళ్ళందరినీ తీసుకురండి" అన్నప్పుడు ఆయన కళ్ళలో నిజమైన ప్రేమ కనిపించింది. పురపాలక సంఘం కూడా వెనకబడలేదు. మా వీధి కుళాయికి ఒక పేజీ పెట్టారు. అందులో నీళ్ళొస్తాయి.

పైగా, సంఘంలోని రెండు వందల పన్నెండుమంది ఉద్యోగులూ ఊళ్ళోని ప్రతి కొట్టు పెట్టిన ప్రతి ముక్క కిందా అయిదు నిమిషాల్లోగా ఒక మెచ్చుకోలు రాయాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. మనుషులు రాయాలంటే వేరే పనులాగిపోతాయి కాబట్టి, ఉన్న పనులేమిటో నాకు తెలియదు గానీ, వాళ్ళ ఫోన్లలో ఒక ఏర్పాటు చేశారు. హోటలు వాళ్ళు ఏం పెట్టినా "నోరూరుతోంది" అనీ, బట్టల కొట్టు ఏం పెట్టినా "అదిరింది" అనీ దానంతట అదే పడిపోతుంది. ఉద్యోగి నిద్రపోతున్నా అభినందన ఆగదు.

నా కొట్టుకి రెండో పక్కన నూకరాజు గారి కొట్టు. కథ ఆయనది.

ఆయన కొట్టుకి బోర్డు లేదు. ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అరుగు మీద నిలబెట్టిన వెదురు బొంగులు, లోపల కొత్త కుండలు, కోరా గుడ్డ తానులు, కొబ్బరి తాడు, పేలాల బస్తా, గంధం, సాంబ్రాణి. ఇంట్లో మనిషి పోతే ముందు కబురు వెళ్ళేది బంధువులకి, తరవాత నూకరాజు గారికి. ఆయన తండ్రి కాలం నించీ ఆ కొట్టుకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళని ఆయన ఒక్కటే అడుగుతాడు: "పొడుగెంతండీ?" పోయిందెవరని అడగడు. ఎలా పోయారని అడగడు. పొడుగుకి తగ్గ బొంగులు తీసి పక్కన పెట్టి, మిగతా సరంజామా మూట కట్టి చేతికిస్తాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళు వెళ్ళొస్తామనరు, ఈయన రమ్మనడు. అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా ఆ కొట్లో నవ్వగా ఎవరూ చూడలేదు.

ఉత్తర్వు కాగితం పట్టుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"రత్నం గారూ, ఇది మనక్కూడానా అండీ?"

"సమస్త చిరువ్యాపారులు అని ఉందండి."

"మనది వ్యాపారం అనుకోడం లేదండి నేను."

"లైసెన్సు కాగితం మీద వ్యాపారమనే ఉంది కదండీ. వాళ్ళకదే లెక్క."

ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇలాంటి కొట్టు ఇంకోటి కావాలంటే పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పట్నం వెళ్ళాలి. ఇంట్లో మనిషిని నేల మీద పడుకోబెట్టుకుని, బస్సెక్కి, బొంగులు టాపు మీద వేయించుకుని రావాలి. ఏ కండక్టరు ఎక్కనిస్తాడు? ఈ సంగతి ఆలోచించే తీరిక ఆ చల్లటి కొండ మీద ఎవరికీ దొరికినట్టు లేదు.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని కమలాకర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని మా వంక చూడకుండానే మొదలెట్టారు.

"వ్యాపార వర్గం?"

నేను వివరంగా చెప్పాను. ఆయన తెర మీద జాబితా పైకీ కిందకీ తిప్పారు. హోటళ్ళు, వస్త్రాలు, కిరాణా, సౌందర్యం, వేడుకలు. అంతే.

"ఇతరములు అని ఉండదాండీ?" అన్నాను.

"ఇతరములు అనేది ఒక వెనకబాటు మనస్తత్వం. మేం దాన్ని తొలగించాం. జనం గుమిగూడతారా?"

"ఆయ్, గుమిగూడతారండి," అన్నాడు నూకరాజు గారు.

"పూలు, బాజాలు ఉంటాయా?"

"ఉంటాయండి."

"వేడుకలు," అని నొక్కేశారు కమలాకర్ గారు. "మీ లక్ష్య వినియోగదారుల వయసు?"

"వయసుతో పన్లేదండి మా దగ్గర."

"అన్ని వయసులూ. భేష్. చాలా పెద్ద మార్కెట్ మీది, మీరే గుర్తించలేదు. రెండోసారి మీ దగ్గరికి వచ్చే కస్టమర్ల శాతం ఎంత?"

నూకరాజు గారు నిజాయితీగా ఆలోచించాడు. "ఎవరికోసం పట్టుకెళ్ళారో ఆళ్ళు మళ్ళీ రారండి."

"సున్నా?" కమలాకర్ గారు మొదటిసారి మా వైపు తిరిగారు. "ఒక్కసారి వాడినవాడు మళ్ళీ మీ గుమ్మం తొక్కడం లేదంటే, సరుకు నాణ్యత గురించి మనం ఏమనుకోవాలి?"

"నలభై ఏళ్ళలో ఒక్కళ్ళూ వంక పెట్టలేదండి."

"అదే రుజువు చెయ్యాలి. వాడినవారి అభిప్రాయాలు అయిదు, వీడియో రూపంలో సమర్పించండి."

"వాడినోళ్ళు మాట్లాడలేరండి," అన్నాడు నూకరాజు గారు.

"భాష సమస్యయితే కింద అనువాదం వేసుకోవచ్చు," అన్నారు కమలాకర్ గారు ఉదారంగా.

బయటికొచ్చాక నాకు నవ్వాగలేదు. నూకరాజు గారు నవ్వలేదు. ఆయన కొట్టు పోతుంది, నాది కాదు.

పేజీ నేనే తెరిచాను. పేరు అడిగితే ఆయన పెట్టొద్దన్నాడు. పేరు లేకపోతే కుదరదంటే 'నూకరాజు గారి కొట్టు' అని పెట్టాను. బొంగులు, కుండలు వీడియో తీశాను. ఆయన్ని నవ్వమన్నాను. పాపం, ప్రయత్నించాడు. ఆ వీడియో చూసి మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. సంగీతం కోసం డప్పు పెడితే, 'ఉత్సాహభరితంగా ఉంది' అని ఆ ఒక్కదానికీ కమలాకర్ గారి మెచ్చుకోలు దొరికింది. మూడు వారాలకి అనుచరులు ఏడుగురయ్యారు. నేను, నా బలవంతం మీద మా ఆవిడ, బొంగులు పంపే టోకు వర్తకుడు, పొరపాటున నొక్కిన ముగ్గురు. ఏడో ఆయన ముందు సంవత్సరమే పోయాడు. ఆయన ఖాతా ఎవరు నడుపుతున్నారో నాకిప్పటికీ తెలియదు.

మిగతావాళ్ళు ఎందుకు రారంటే, ఎవరొస్తారండీ? పొద్దున్నే ఫోను తెరవగానే 'నూకరాజు గారి కొట్టు మిమ్మల్ని గుర్తు చేసుకుంటోంది' అని కనిపిస్తే ఎవరికి బాగుంటుంది?

దారి చూపించింది ఊరి అలవాటే. పొద్దున్న కూరగాయలకి వెళ్ళేవాళ్ళు ఆ అరుగు వైపు ఒకసారి చూడకుండా పోరు. బొంగులు తగ్గితే ఆగుతారు. ఆయన్ని అడిగే ధైర్యం లేక నన్నడుగుతారు: "ఏ వీధండీ?" నేను గోడ మీంచి తొంగిచూస్తే ఆయన వీధి పేరు, బయల్దేరే వేళ చెబుతాడు. మనిషి పేరు చెప్పడు. ఆ రెండు ముక్కలే ఒకరోజు పేజీలో రాసి పెట్టాను. "గౌళీల వీధి. పదకొండింటికి."

రెండు గంటల్లో నాలుగు వందల మంది చేరారు.

సాయంత్రానికి వెయ్యి దాటింది. వారానికి పదివేలు. మా ఊళ్ళో మనిషికి మనిషంటే ఎంత ప్రేమో నాకప్పుడు తెలిసింది. కాకపోతే పోయాక. ఆఫీసుకి సెలవు పెట్టాలా, తలస్నానం ఇప్పుడే చెయ్యాలా, సాయంత్రం చెయ్యాలా, అప్పు పుచ్చుకున్నవాడా, పెళ్ళిసంబంధం చెడగొట్టినవాడా, అందరికీ తెలియాలి. పేరుండదు కనక కింద ఊహాగానాలు. "పెదబజారు అంటే ఎవరబ్బా?" అని ఒకరు. "మేం బాగానే ఉన్నాం, ఫోన్లు చెయ్యకండి" అని పెదబజారు నించి ముగ్గురు.

ఉద్యోగుల మెచ్చుకోలు మా పాత వీడియోల కిందా పడుతూనే ఉంది గానీ, ఆ సంగతి అందరం మర్చిపోయాం. గౌళీల వీధి కబురు పెట్టిన అయిదో నిమిషానికి, వేడుకల వర్గం కింద సిద్ధంగా ఉన్న వాక్యం రెండు వందల పన్నెండు సార్లు పడింది: "హృదయపూర్వక శుభాకాంక్షలు. మీ ఇంట ఇలాంటివి మరెన్నో జరగాలి." పోయినాయన కొడుకులు నలుగురు. నలుగురూ కర్రలతో పురపాలక సంఘానికి వెళ్ళారు. కమలాకర్ గారు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయి, మర్నాడు ఆ వాక్యం మార్పించారు. అప్పట్నించీ నూకరాజు గారి పేజీలో ఏం పెట్టినా, అయిదు నిమిషాల్లో రెండు వందల పన్నెండు సార్లు "వారి ఆత్మకు శాంతి కలుగుగాక" అని పడుతుంది. మనిషి ప్రమేయం లేకుండా పురపాలక సంఘంలో వేళకి జరిగే పని అదొక్కటే.

ఫిబ్రవరి ఆఖరుకి అనుచరులు నలభై ఒక్కవేలు. మా ఊరి జనాభా ముప్పై ఎనిమిది వేలు. కమిషనర్ గారు పరవశించిపోయారు. సమీక్షా సమావేశంలో నూకరాజు గారికి శాలువా కప్పి, "మృతప్రాయమైన రంగంలో జీవం నింపిన ఆదర్శ వ్యాపారి" అని కొనియాడారు. నూకరాజు గారు శాలువా మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ఆదర్శమయ్యాక గొడవలు పెరిగాయి. ఆదర్శ వ్యాపారులకి నెలకి పదిహేను శాతం ఎదుగుదల ఉండాలట. మార్చి పదహారున మెమో వచ్చింది. "ఫిబ్రవరిలో మీ సంస్థ ఇరవై మూడు సేవలు అందించగా, మార్చి మొదటి పక్షమున నాలుగు మాత్రమే నమోదైనవి. సదరు తగ్గుదలకు మిమ్ములను ఏల బాధ్యులను చేయరాదో మూడు రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను."

నూకరాజు గారు చెప్పగా నేనే టైపు చేశాను: "అయ్యా, చలి తగ్గినది. ముసలివారు కోలుకొన్నారు. ఇందులో నా ప్రమేయం ఏమియూ లేదని మనవి."

ఆ సంజాయిషీ చదివి కమలాకర్ గారు పెదవి విరిచారు. "బాహ్య కారణాలు చెబితే ఎలాగండీ? వ్యాపారి చొరవ ఏదీ? ముందస్తు బుకింగులు ఎందుకు పెట్టలేదు? ఉగాదికి ప్రత్యేక తగ్గింపు పెట్టి చూడండి. జనం ఎదురుచూస్తుంటారు."

"దేనికండీ ఎదురుచూడ్డం?" అన్నాడు నూకరాజు గారు.

"ఆఫర్ కి."

నూకరాజు గారు నా వైపు చూశాడు. నేను కప్పు వైపు చూశాను. అక్కడ దోమలున్నాయి.

అదీ ఎలాగో దాటేవాళ్ళమే. మార్చి ఇరవై ఎనిమిదిన లైసెన్సు దరఖాస్తు తిరిగొచ్చేసింది. అనుచరులు: సరి. వీడియోలు: సరి. చిరునవ్వు: లేదు. ఆహ్వాన వాక్యం: లేదు. మూడు నెలల్లో పెట్టిన ఒక్క వీడియోలోనూ ఆయన ఆ వాక్యం అనలేదు. నేను అడిగినప్పుడల్లా ఏదో బొంగు సర్దుతూ అవతలికి వెళ్ళిపోయేవాడు. నేనూ, ఇంతమంది అనుచరులుండగా ఒక్క వాక్యాన్ని ఎవడు చూస్తాడులే అనుకున్నాను. కంప్యూటర్ చూసింది. దరఖాస్తుతోపాటే, ఏప్రిల్ ఒకటిన సీలు వేస్తామన్న నోటీసు కూడా జతచేసి పంపారు.

ఆ మధ్యాహ్నం ఆయన నా కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పక్కపక్కన ముప్పై ఏళ్ళు వ్యాపారం చేశాం, ఏనాడూ కూర్చోలేదు.

"ఆ ముక్కేదో అనేస్తే పోద్ది కదా అంటందండి మా ఆవిడ. మీరూ అదే అంటారు. నోరు రాడం లేదండి, రత్నం గారూ."

"నాలుగు మాటలండి. ఎవరూ మనసులో పెట్టుకోరు."

"మొన్న రెడ్ల వీధి నించి ఒకాయన వచ్చాడు చూశారా? పొడుగెంతండీ అన్నాను. ఇంతండీ అని తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆరేళ్ళ పిల్లండి." నా బల్ల మీది కాగితాల కట్ట అంచులు సర్దాడు. "ఆయన కూడా ఫోనులో చూస్తాడు కదండీ. మళ్ళీ మళ్ళీ రండి, మీ వాళ్ళందర్నీ తీసుకురండి అని నేను నవ్వుతా అంటంటే ఆయన చూడాలాండీ? కొట్టు అప్పజెప్పినప్పుడు మా నాన్న ఒకటే చెప్పాడండి, వచ్చినోళ్ళని వివరం అడగొద్దు, వెళ్ళేవోళ్ళని రమ్మనొద్దని. కొట్టు మూసేసుకుంటానండి. దానికంటే నయం."

అన్ని నెలలూ ఇదంతా నాకొక వినోదంగానే ఉంది. ఆ నిమిషంలో సిగ్గేసింది. మనిషికి ఉన్న ఒక్క మర్యాదనీ అనుబంధం-3 కింద లాక్కుంటున్నారని కోపమూ వచ్చింది. ఆ కోపంలోనే కమిషనర్ గారికి రెండు పేజీల అర్జీ కొట్టాను. ఈ ఒక్క కొట్టుకి ఆ ఒక్క వాక్యం మినహాయించమని అడిగాను.

జవాబుగా కమిషనర్ గారే స్వయంగా వచ్చారు. మార్చి ముప్పై, ఉదయం పదకొండు గంటలకి. నా అర్జీ చదివి కాదు. ఆదర్శ పట్టణాల మీద రాజధానికి ఒక వీడియో పంపాలట. అందరికంటే ఎక్కువ అనుచరులున్న వ్యాపారి అందులో లేకపోతే బాగుండదు. ఉంటే నిబంధనల ప్రకారం ఉండాలి. అందుకని నూకరాజు గారి పేజీలోనే ప్రత్యక్ష ప్రసారం పెట్టించి, ఆహ్వాన వాక్యం తన సమక్షంలో అనిపిద్దామని వచ్చారు. కమలాకర్ గారు ఫోను స్టాండుకి బిగించారు. తొమ్మిది వేలమంది చూస్తున్నారని ప్రకటించారు. రోడ్డు మీద ఇంకో రెండు వందలమంది నిలబడ్డారు.

కమిషనర్ గారు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కొత్త చొక్కా వేసుకుని కొట్టు గుమ్మంలో నిలబడ్డారు.

"మిత్రులారా, వినియోగదారుణ్ణి ఆహ్వానించడం మన సంస్కృతి. ఏ రంగమూ అందుకు అతీతం కాదు. చెప్పండి నూకరాజు గారూ."

"మా కొట్లో ఆ మాట అనరండి," అన్నాడు నూకరాజు గారు చేతులు కట్టుకుని. "నా మీద దయుంచి వదిలెయ్యండి."

"నిబంధన నాకూ ఒకటే, మీకూ ఒకటే. బిడియం వదలండి. కెమెరాకి చెప్పలేకపోతే నాకే చెప్పండి. నేనే మీ కస్టమర్ని అనుకోండి."

"మీరా అండీ?"

"నేనే."

"వద్దండి," అన్నాడు నూకరాజు గారు. నిజంగా బతిమాలినట్టే అన్నాడు. "పెద్దోరు మీరు. బాగోదండి."

"ఇది నా ఆదేశం," అన్నారు కమిషనర్ గారు, కెమెరా వైపు నవ్వుతూనే. "మీ దగ్గరికి వచ్చిన కస్టమరుతో మొదట్నించి చివరిదాకా ఎలా మాట్లాడతారో, ఒక్క ముక్క తగ్గకుండా అలాగే మాట్లాడండి. ప్రజలు చూడాలి."

నూకరాజు గారు కుండలో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. పంచె అంచుకి తుడుచుకున్నాడు. గుమ్మంలోకి వచ్చి, నలభై ఏళ్ళుగా అడుగుతున్న గొంతుతోనే అడిగాడు.

"పొడుగెంతండీ?"

"ఎవరిది?"

"మీదేనండి. మీకోసమే అన్నారు కదండీ."

తొమ్మిది వేలమంది చూస్తున్నారు. కమిషనర్ గారు కమలాకర్ గారి వైపు చూశారు. కమలాకర్ గారు ఫోను వైపు చూశారు.

"అయిదడుగుల తొమ్మిది," అన్నారు కమిషనర్ గారు. మాట మామూలుకంటే చిన్నగా వచ్చింది.

నూకరాజు గారు ఆయన్ని తల నించి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు. అరుగు మీద బొంగులు నాలుగు ఎత్తి చూసి, రెండు ఎంచుకున్నాడు. జానలతో కొలిచాడు. కణుపు దగ్గర పగులుందేమోనని వేలితో తడిమి చూశాడు. రెంటినీ తెచ్చి గోడవారన విడిగా ఆనించాడు.

"ముదురు వెదురండి. గట్టిది. మీ పేర పక్కన పెట్టి ఉంచుతానండి, ఇంకోళ్ళకి ఇవ్వను."

తరవాత రెండు చేతులూ జోడించి, పుట్టి బుద్ధెరిగాక ఆ కొట్లో మొదటిసారి, కమిషనర్ గారి కళ్ళలోకి చూస్తూ నవ్వాడు.

"మళ్ళీ మళ్ళీ రండి. మీ వాళ్ళందర్నీ తీసుకురండి."

రోడ్డు మీద రెండు వందలమందిలో ఒక్కళ్ళూ దగ్గలేదు. కమలాకర్ గారి చేతిలో కంప్యూటర్ పలక టింగుమంది. "చిరునవ్వు: ఉంది. ఆహ్వాన వాక్యం: ఉంది" అని ఆయన అలవాటు కొద్దీ పైకి చదివారు. అంతలో ప్రసారం మొదలై అయిదు నిమిషాలు పూర్తయ్యాయి. తెర మీద కమిషనర్ గారి ముఖం కింద, ఆయన కార్యాలయంలోని రెండు వందల పన్నెండుమంది ఉద్యోగుల పేర్లతో, ఒకదాని వెంట ఒకటి పడడం మొదలైంది. వారి ఆత్మకు శాంతి కలుగుగాక. వారి ఆత్మకు శాంతి కలుగుగాక. డిప్యూటీ కమిషనర్ పేరుతో మొదలై నీళ్ళ టాంకు వాచ్‌మన్ పేరుతో ముగిసింది.

ఆ తరవాత ఎవరూ ఆపలేకపోయారు. ఇంటి నించి అమ్మగారు ఫోను చేసి, ఎత్తింది భర్తే అయినా ఏడుపు ఆపలేదు. గుత్తేదారుల సంఘం వాళ్ళు మూడు దండలు పంపారు. ఒక వార్డు కౌన్సిలరు గంటలో ఫ్లెక్సీ కట్టించాడు, ఫోటో బాగా కుదిరింది. కార్యాలయంలో సంతాప తీర్మానం చేసి అరపూట సెలవు ప్రకటించారు. కమిషనర్ గారు పరుగున వెళ్ళి తన గదిలో కూర్చుని, "నేను బతికే ఉన్నాను" అని అందరికీ చెప్పుకున్నారు. పెద్ద గుమాస్తా చేతులు నలుపుకుంటూ, సెలవు ఒకసారి మంజూరయ్యాక రద్దు చెయ్యడానికి నిబంధన లేదని మనవి చేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

నూకరాజు గారు మాత్రం ఆ రోజంతా కుదురుగా లేడు. కొట్టు మూసి గుడికి వెళ్ళి, కమిషనర్ గారి పేరు మీద ఆయుష్షు కోసం అర్చన చేయించి వచ్చాడు.

"అనిపించారండి నా చేత," అన్నాడు నాతో. "ఆయనకేదన్నా అయితే నాదే పాపం."

ఏమీ కాలేదు. కమిషనర్ గారు గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు వరసగా పరీక్షలు చేయించుకున్నారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయట. అయినా నెల్లాళ్ళు సెలవు పెట్టారు. పెట్టేముందు సంతకం చేసిన ఆఖరి కాగితం జిరాక్సుకి నా దగ్గరికే వచ్చింది. "అనివార్య పరిపాలనా కారణముల దృష్ట్యా, సామాజిక మాధ్యమ ఉనికి పథకము మరియు దాని సమస్త అనుబంధములు తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది." మూడు వందల యాభై ప్రతులు తీశాను. ఇస్త్రీ కొట్టాయన జుట్టు కత్తిరించుకున్నాడు. కమలాకర్ గారు మళ్ళీ దోమల విభాగానికి వెళ్ళారు. అవి ఆయన కోసమే ఎదురుచూస్తున్నాయి.

ఏప్రిల్ మూడో వారంలో అటెండరు నూకరాజు గారి లైసెన్సు పట్టుకొచ్చాడు. ఆ అరుగు ఎక్కలేదు. నా కొట్లో కాగితం పెట్టి, రిజిస్టరులో సంతకం నన్నే చెయ్యమన్నాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఏం కావాలోయ్?"

"ఆ బొంగుల సంగతి కనుక్కు రమ్మన్నారండి సారు," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకా అలాగే పక్కన పెట్టున్నాయేమో అని."

నేను గోడ మీంచి కేకేశాను. నూకరాజు గారు చేతులకి మట్టితో పెరట్లోంచి వచ్చాడు. విషయం విని మళ్ళీ లోపలికి వెళ్ళి, తళతళలాడే లేత ఆనపకాయ ఒకటి పట్టుకొచ్చాడు.

"ఆ మర్నాడే పాదుకి పందిరి వేసేశానండి వాటితో. ఇంక దేనికీ పనికిరావని చెప్పండి సారుకి. తొలికాపు ఇది. పప్పులో వేసుకోమనండి, వేడి తగ్గుద్ది."

అటెండరు ఆ కాయ వంక, ఆయన వంక చూశాడు. సంచి తెరిచాడు గానీ చేత్తో ముట్టుకోలేదు. నేనే తీసి సంచిలో వేశాను. అతను సైకిలెక్కి, వెళ్ళొస్తానని అనకుండానే వెళ్ళిపోయాడు. నూకరాజు గారు కూడా ఏమీ అనలేదు.